కొండదారిలో ఒక పగలు

నడక మనకు క్రొత్త విద్య కాదు. రెడ్డిగూడెము, నూజివీడు ప్రాంతముల మామిడితోటలలో పుట్టి పెరిగినవారు ప్రొద్దున తోటలోనికి పోయి, చెట్టుచెట్టుకు తిరిగి పూతయు పిందెయు చూచుకొని, ప్రొద్దుగూకువేళకు ఇల్లు చేరుదురు. ఎన్ని కిలోమీటర్లు నడచిరో లెక్క పెట్టుకొనరు. అట్టివారు కూడ తిరుమల కొండ యెక్కి దిగిన మరునాడు గోడ పట్టుకొని నడచుట మనము చూచుచునే యున్నాము. చదునునేల నడకకును కొండదారి నడకకును భేదము కలదు. ఆ భేదమును తెలిసికొని బయలుదేరినవారికి కొండ ఆనందము నిచ్చును. తెలియక బయలుదేరినవారిని అలయించును. ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చును. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగివచ్చునట్టి దీర్ఘమైన కొండనడకను ఎట్లు లెక్క వేసికొనవలెనో వివరించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

కొండమీద ఊరు కట్టుకొని చల్లగాలి ననుభవించు అలవాటు మన దేశమున ఆంగ్లేయుల కాలములో ప్రబలినది. ఉదకమండలము, సిమ్లా మొదలైనవి అట్లు వృద్ధి పొందినవే. మన రాష్ట్రమున మదనపల్లెకు సమీపమున సుమారు 1,265 మీటర్ల ఎత్తున నున్న ఏనుగు మల్లమ్మ కొండపై, కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర 19వ శతాబ్దిలో వేసవి విడిది కట్టుకొనెను. నాటినుండి అది హార్స్‌లీ కొండ అయినది. కాని అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే తెలుగువారికి కొండమీది ఊరొకటి కలదు. అది తిరుమల. 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడువరకు దానిని చేరుటకు కాళ్ళే సాధనము. నడువలేనివారికి డోలీలే గతి. నేటికిని వేలకొలది జనులు కాలిబాటనే కొండ యెక్కుచున్నారు. అంతేకాక తిరుమలనుండి మరింత లోపలికి, అడవిలోని తీర్థములకు సాగు పగటి నడకలు కొన్ని కలవు. అందుచేత మన లెక్కకు తిరుమలనే ఉదాహరణముగా తీసికొందము.

కొండనడకలు మిక్కిలిగా గల స్విట్జర్లండు దేశములో బాట చీలినచోట నెల్ల పసుపుపచ్చని పలకలు నిలిపియుందురు. ఆ పలకలపై ఫలానా ఊరికి ఇన్ని కిలోమీటర్లని వ్రాయరు. ఇన్ని గంటల, ఇన్ని నిమిషముల నడక అని వ్రాయుదురు. ఇది చిన్న విషయముగా తోచును గాని కొండనడక రహస్యమంతయు ఇందులోనే యున్నది. మైదానములో కిలోమీటరు ఎక్కడైనను కిలోమీటరే. కొండపై ఒక కిలోమీటరు పది నిమిషములలో ముగియవచ్చును. మరియొకటి గంట తీసికొనవచ్చును. ప్రొద్దుగూకుట, ఆకలి, దాహము, అలసట, ఇవి యన్నియు గంటలనే అనుసరించును గాని కిలోమీటర్లను అనుసరింపవు. కనుక కొండదారిని గంటలతో కొలువవలెను.

గంటలు లెక్కించుట యెట్లు? 1892లో స్కాట్లండు పర్వతారోహకుడగు విలియం నైస్మిత్ ఒక సులభసూత్రమును చెప్పెను. దానిని నేటి కొలతలలోనికి మార్చినచో ఇట్లుండును: బాటపై ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. ఈ రెండును కూడిన మొత్తము ఆరోగ్యవంతుడైన మనుష్యుడు ఆగకుండ నడచినచో పట్టుకాలము.

దీనిని అలిపిరి బాటకు అన్వయింతము. ఆ బాట పొడవు సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. ఎక్కు ఎత్తు సుమారు 700 మీటర్లు. తొమ్మిది కిలోమీటర్లకు ఒక గంట 48 నిమిషములు; 700 మీటర్ల ఎత్తునకు ఒక గంట 10 నిమిషములు. మొత్తము ఇంచుమించు 3 గంటలు. తరచుగా కొండ యెక్కువారిని అడుగుడు, మూడు నాలుగు గంటలని చెప్పుదురు. స్కాట్లండు కొండలలో పుట్టిన సూత్రము శేషాచలమునకు కూడ సరిపోవుచున్నది.

శ్రీనివాసమంగాపురము వైపునుండి యెక్కు శ్రీవారిమెట్టు బాట మరియొక పాఠము నేర్పును. దాని పొడవు 2.1 కిలోమీటర్లే, అలిపిరి బాటలో నాలుగవ వంతు కూడ లేదు. కాని మెట్లు 2,388. అనగా అలిపిరి మెట్లలో మూడింట రెండు వంతులు. దూరమును మాత్రము చూచి “ఇది చులకన” అని వృద్ధులను ఈ దారిని తీసికొనిపోవువారు సగములో కూర్చుండిపోవుదురు. తక్కువ దూరములో ఎక్కువ ఎత్తు ఎక్కవలసివచ్చినచో గుండెకు విశ్రాంతి దొరకదు. మరి అలిపిరి బాటలోని కష్టము వేరు విధమైనది. మొదట గాలిగోపురమువరకు ఏటవాలు; తరువాత బాట చాలదూరము ఇంచుమించు సమముగా సాగును. “కష్టమంతయు గడచినది” అని వేగము పెంచినవారికి చివరలో మోకాళ్ళమిట్ట ఎదురగును. కాళ్ళలోని బలమును అంతవరకు దాచుకొనినవారే దానిని సుఖముగా ఎక్కగలరు.

నైస్మిత్ సూత్రములో చేరని విషయములు నాలుగు కలవు: ఎండ, వయస్సు, జనసమ్మర్దము, విశ్రాంతి. ఆ సూత్రము చల్లని దేశపు యువకునికి చెప్పినది. మన యెండలో, పిల్లలతోను పెద్దలతోను నడచునప్పుడు వచ్చిన మొత్తమునకు కనీసము సగము చేర్చుకొనుట మంచిది. ఏ కుటుంబమునకైనను వేగము అందరికన్న మెల్లగా నడచువారి వేగమే. దానిని మరచి, కుర్రవారు ముందు పరుగెత్తి చెట్టునీడను కూర్చుండి, వెనుకనున్న అమ్మమ్మ వచ్చిన వెంటనే “ఇక పదండి” అని లేచుట తరచుగా జరుగుచుండును. విశ్రాంతి ఎవరికి అవసరమో వారికి అది దొరకలేదు. అవసరము లేనివారికి దొరకినది. అందుకు ఉపాయమొకటే: మెల్లగా నడచువారిని ముందు నడిపింపవలెను.

ఇప్పుడు అడవిలోని తీర్థముల సంగతి. తిరుమలకు ఉత్తరముగా శేషాచలపు టడవులలో రామకృష్ణతీర్థము, కుమారధార, తుంబురుతీర్థము అనునవి కలవు. సంవత్సరమున కొక్కొక్క పర్వదినమున వీనికి ముక్కోటి జరుగును. రామకృష్ణతీర్థమునకు పుష్యపూర్ణిమ, కుమారధారకు మాఘపూర్ణిమ, తుంబురుతీర్థమునకు ఫాల్గుణపూర్ణిమ. ఆ దినములలో జనులు పాపవినాశనము దాటి అడవిబాటను నడచి పోవుదురు. తక్కిన దినములలో అనుమతి లేక ఈ అడవులలో అడుగు పెట్టరాదు. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయవనము ఈ కొండలలోనిదే. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది. ప్రపంచములో మరెక్కడను సహజముగా పెరుగని ఎర్రచందనము ఈ పరిసరపు కొండలలో పెరుగును. దానిని దొంగిలించువారి బెడద యుండుటచే కాపలా కూడ గట్టిగా నుండును.

ఈ పర్వదినములను గమనించినచో ఒక విశేషము తోచును. మూడును సాధారణముగా జనవరి మొదలు మార్చి లోపల వచ్చును. తిరుపతి ప్రాంతమున వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముతో మిక్కుటముగా కురియును. జనవరికి వాన వెలిసి బాట యారును. వాగులలో ఇంకను నీరుండును. ఎండ ఇంకను ముదరదు. మన మామిడి పూతకు వచ్చు కాలమే ఆ కొండలలో నడచుటకు మేలైన కాలము. అంతేకాదు, మూడును పూర్ణిమలే. నిండుచంద్రుడు సూర్యుడు అస్తమించునప్పుడే ఉదయించి రాత్రియంతయు వెలుగునిచ్చును. దారిలో ఆలస్యమైనవారికి దీపము లేని కాలములో అదియే దీపము. ఈ దినములు మొదట ఏ తలంపుతో ఏర్పడినను, నడచువాని మేలు కోరినవాడు పంచాంగమున వెదకినచో ఇంతకన్న మంచి దినములు దొరకవు.

తుంబురుతీర్థపు నడకను లెక్క వేసి చూతము. పాపవినాశనమునుండి ఒక వైపు సుమారు 6 కిలోమీటర్లు. చదునుబాటయైనచో గంట 12 నిమిషముల పని. కాని ఆ బాట చదునుకాదు. ఎక్కుచు దిగుచు పోవును. పెక్కుచోట్ల గుండ్లపై కాలుమోపి నడువవలెను. శేషాచలపు పైభాగము క్వార్ట్జైటు అను మిక్కిలి గట్టి శిల. అది మట్టివలె మెల్లగా కరగదు. నిలువుగా చీలి పలకలు పలకలుగా విరుగును. అందుచేతనే ఈ కొండలలో నిట్టనిలువు గోడల వంటి లోయలు ఏర్పడినవి. తుంబురుతీర్థము అట్టి చీలికలోనే యున్నది. రెండుప్రక్కల ఎత్తయిన రాతిగోడలు, నడుమ ఇరుకైన నీటిదారి. పర్వదినమున వేలమంది ఆ ఇరుకుదారిన పోవుచు వచ్చుచు నుందురు. కనుక గంట 12 నిమిషములని వచ్చిన లెక్కను రెండింతలకన్న ఎక్కువ చేసికొని, పోవుటకు 3 గంటలు, అలసిన కాళ్ళతో వచ్చుటకు మరి 3 గంటలు అని పెట్టుకొనవలెను.

ఇక్కడ లెక్క వేయు తీరు ముఖ్యము. చాలమంది “ఉదయము 8 గంటలకు బయలుదేరుదుము, ఎప్పుడు చేరిన అప్పుడు చేరుదుము” అని లెక్కను ముందునుండి వేయుదురు. కొండదారి లెక్కను వెనుకనుండి వేయవలెను. మార్చిలో అచ్చట సూర్యాస్తమయము సుమారు 6 గంటల 20 నిమిషములకు. కాని రాతిగోడల నడుమ ఎండ చాల ముందుగనే మరుగగును. కాలు మడతపడుట, పిల్లవాడు మొరాయించుట వంటి వానికి రెండు గంటలు చేతిలో నుంచుకొనవలెను. అనగా 4 గంటలకు పాపవినాశనము చేరునట్లుండవలెను. తిరుగుదారికి 3 గంటలు తీసివేసినచో 1 గంటకు తీర్థమునుండి మరలవలెను. దీనిని మరలుగంట యందము. ఒంటిగంటకు తీర్థము ఇంకను అరకిలోమీటరు దూరములో నున్నను మరలవలసినదే. ఈ గంటను బయలుదేరకముందే, ఇంటిలో కూర్చుండి, అందరి యెదుట నిర్ణయించుకొనవలెను.

ముందే యెందుకు అనగా, దారిలో నిర్ణయించుట ఎవరికిని సాధ్యము కాదు. “ఇంత దూరము వచ్చి తీర్థము చూడకుండ మరలుదుమా?” అనుమాట అప్పుడు ఎవరో ఒకరి నోట వచ్చును. ఆ మాటకు ఎదురుచెప్పుట కష్టము. మన కుటుంబముల మర్యాదలు కూడ దీనికి తోడగును. ఆయాసము వచ్చినను తాతగారు “నాకేమి, నేను గట్టివాడనే” అందురు. కోడలు మడమ బొబ్బలెక్కినను అత్తగారి యెదుట నోరెత్తదు. ఎవరికివారే ఇతరులకొరకు ఓర్చుకొనుచు, అందరును కలిసి ఒకరును కోరని అపాయములోనికి నడచుచుందురు. గడియారము మాత్రము ఎవరి మొగమును చూడదు. మరలుగంట ముందే యేర్పడియున్నచో మరలుట ఎవరి ఓటమియు కాదు. అది ఒప్పుకొనిన మాటను నిలుపుకొనుట.

స్థూలకాయులు, ఉబ్బసము, గుండెజబ్బు కలవారు ఈ తీర్థముల నడకకు రావలదని దేవస్థానమువారు ప్రతి సంవత్సరము హెచ్చరించుచుందురు. ఇది మాటవరుసకు చెప్పునది కాదు. ఎక్కునప్పుడు శరీరపు బరువునంతటిని ప్రతి అడుగునను పైకెత్తవలెను. గుండె వేగము పెరుగును. రొమ్ములో నొప్పి, బిగింపు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చెమటతో కూడిన ఆయాసము కనబడినచో అడుగు ముందుకు వేయరాదు. వెంటనే కూర్చుండి సహాయము పిలువవలెను. అడవిలోపల నట్టి సహాయము చేరుటకు ఎంతకాలము పట్టునో ఊహింపుడు. వైద్యుని సలహాను ఇంటివద్దనే తీసికొనవలసిన కారణమిదియే.

ఎక్కుట గుండెకు పరీక్ష. దిగుట కాళ్ళకు పరీక్ష. దిగునప్పుడు తొడ కండరములు సాగుచునే బరువును ఆపవలసివచ్చును. కండరములకు అలవాటు లేని పని ఇదియే. వానిలోని సన్నని పోగులు దెబ్బతిని, మరునాడును ఆ మరునాడును నొప్పి పుట్టించును. తోటలో ఎంత నడచినను ఈ పని తగులదు. రైతు కాళ్ళు కూడ నొచ్చుటకు హేతువు ఇదే. చిన్న అడుగులు వేయుట, మోకాలిని కొంచెము వంచియుంచుట, చేతికర్రపై కొంత బరువు మోపుట, ఈ మూడును నొప్పిని తగ్గించును. ఎక్కువ ప్రమాదములు దిగునప్పుడే జరుగును. అప్పటికి కాళ్ళు అలసియుండును, మనస్సు ఇంటిమీద నుండును.

నీటి విషయమున కొండ మనలను మోసపుచ్చును. ప్రతి వేయి మీటర్ల ఎత్తునకు గాలివేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. కనుక తిరుపతికన్న తిరుమల నాలుగైదు డిగ్రీలు చల్లగా నుండును. గాలి చల్లగా తగులుచుండ దాహము వేయదు. కాని చెమట పోవుచునే యుండును. దాహము కొరకు వేచియుండక గంటకు అరలీటరు చొప్పున కొద్దికొద్దిగా త్రాగుట మేలు. చెమటతో ఉప్పు కూడ పోవును గనుక ఉప్పువేసిన మజ్జిగ, నిమ్మనీరు శ్రేష్ఠము. నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఇయ్యవచ్చును. మాట తడబడుట, మనుష్యులను గుర్తింపలేకపోవుట, ఒళ్ళు కాలిపోవుట వడదెబ్బ లక్షణములు. అట్టివారిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిపై నీరు పోసి విసరుచు, 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివారి నోటిలో నీరు పోయరాదు.

చీకటిని గూర్చి వేరుగా చెప్పవలెను. 2023 ఆగస్టులో అలిపిరి బాటపై రాత్రివేళ కుటుంబముతో నడచుచుండిన ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడి మరణించినది. అటుపిమ్మట మధ్యాహ్నము 2 గంటలు దాటిన తరువాత చిన్నపిల్లలను ఆ బాటపైకి విడువరాదని దేవస్థానమువారు నియమము చేసిరి. ఈ వేళలు అప్పుడప్పుడు మారుచుండును. బయలుదేరుటకు ముందు విచారించి తెలిసికొనవలెను. మెట్లు, దీపములు, జనసంచారము గల బాటలోనే అట్లు జరిగినప్పుడు అడవిలోపలి బాటలో ఎంత జాగ్రత్త కావలెనో వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లలను పెద్దల నడుమ నడిపింపవలెను, ముందుకు పరుగెత్తనీయరాదు.

వాన మరియొక శత్రువు. 2021 నవంబరులో కురిసిన కుండపోతకు శ్రీవారిమెట్టు బాట మిక్కిలిగా దెబ్బతిని, మరమ్మతులు ముగిసి 2022 మే నెలలో తిరిగి తెరువబడువరకు మూతపడినది. ఇరుకైన కొండచీలికలో నడచుచున్నవారికి తలపై చినుకు పడకున్నను, ఎగువను కురిసిన వాన నీరు కొలది నిమిషములలో వచ్చిపడవచ్చును. నీరు ఒక్కసారిగా బురదరంగుకు మారినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చినను, చూచుచు నిలువక ఎత్తునకు ఎక్కవలెను. బయలుదేరు ముందు రేడియోలో వాతావరణ సూచన వినుట శ్రోతలకు అలవాటే. కొండకు పోవునాడు దానిని తప్పక వినవలెను.

నడకకు కాళ్ళను సిద్ధము చేసికొనుట ఒక్కనాటి పని కాదు. అదృష్టవశమున రెడ్డిగూడెమువారికి కొండ దూరము కాదు. నైరుతి దిక్కున, మైలవరమునకు ఆవల కొండపల్లి కొండలున్నవి. బొమ్మలకు తెల్లపొణికి కఱ్ఱ నిచ్చిన కొండలవి. 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలమున వెలసిన దుర్గమును మోయుచున్న కొండలవి. యాత్రకు నెలదినముల ముందునుండి వారమున కొకసారి ఆ దుర్గమునకు కాలినడకను ఎక్కి దిగినచో తొడ కండరములు దిగుటకు అలవాటు పడును. తమ కుటుంబపు నడక వేగ మెంతయో కూడ అక్కడనే తెలియును. తరువాత వేయు లెక్కలు అందాజులు గాక నిజములగును. క్రొత్త చెప్పులను యాత్రనాడే తొడుగుట బొబ్బలను కొనితెచ్చుకొనుటయే. వానిని కూడ కొండపల్లిలోనే మెత్తపరచుకొనవలెను.

ఇక బయలుదేరు ముందటి రాత్రి చేయవలసిన పని ఒకటి కలదు. ఒక కాగితముపై మూడు వేళలు వ్రాయవలెను: బయలుదేరు వేళ, మరలుగంట, తిరిగి చేరు వేళ. దానిని ఇంటిలోని వారందరికి చదివి వినిపింపవలెను. ఒక ప్రతిని జేబులో నుంచుకొని, మరియొక ప్రతిని యాత్రకు రాక ఊరిలోనో బసలోనో ఉండిపోవువారి చేతికి ఇయ్యవలెను. లోయలలో చేతిఫోను పలుకకపోవచ్చును. చెప్పిన వేళకు రానివారికొరకు వెదకుటకు ఆ కాగితమే ఆధారము. దానితోపాటు నీరు, మజ్జిగ, పులిహోర పొట్లము, చేతికర్ర, చేతిదీపము, మనిషి కొక తువ్వాలు, నిత్యము వాడు మందులు ఉన్నచో చాలును. మరలుగంట కొట్టినప్పుడు తీర్థము కనుచూపుమేరలో నున్నను మరలి రండు. మరుసటి సంవత్సరపు పర్వదినమున మరియొక గంట ముందుగా బయలుదేరి తీర్థము చూడవచ్చును.